గిన్నె అడుగున పేరు

కీమా ఎర్రగా వేగాక ఆర్డిస్ అందులోనే టమాటా గుజ్జు, నీళ్లు, మాకరోనీ వేసి మూత పెట్టింది. ఒక్క మూకుడు, అరగంట పని. అమెరికాలో, అయోవా రాష్ట్రంలోని ఆ ఊళ్లో ఎవరు మంచం పట్టినా వాళ్లింటికి ఇది ఆర్డిస్ గాజు గిన్నెలో వెళ్లేది. తిరిగి చేరాలని అడుగున టేపు అంటించి తన పేరు రాసుకుంది.

నిరుడు పక్కింటి కుర్రాడు ఫుట్‌బాల్ ఆడుతూ కాలు విరగ్గొట్టుకుంటే, వాళ్లింటికి పదకొండు గిన్నెలు వెళ్లాయి. ఆర్డిస్ కొడుకుని మత్తుమందుల అలవాటు మాన్పించే ఆసుపత్రిలో చేర్చి మూడు వారాలైంది. ఒక్క గిన్నె రాలేదు.

ఫోను మోగింది. చర్చి నుంచి లవర్న్.

"వదినా, ఆర్విల్ గారికి మోకాలి ఆపరేషనైంది. గురువారం నీ మాకరోనీ పంపుతావా? నీ చేతి వంటంటే పడి చస్తాడాయన."

"మావాడూ ఆసుపత్రిలోనే ఉన్నాడు. తెలీదా?"

"తెలుసనుకో... అది వేరు కదొదినా."

"ఏం, మా ఇంట్లో ఆకలి వేరేగా వేస్తుందా?" అని ఫోను పెట్టేసింది.

వండింది ఆ గాజు గిన్నెలోకి తీసి బల్ల మీద పెట్టింది. వాసనకి చిన్న కూతురు పరుగెత్తుకొచ్చింది. "అమ్మా, మనకీ పంపారా! ఎవరు?"

ఆర్డిస్ అందరికీ వడ్డించింది. అందరూ తిన్నాక గిన్నె బోర్లించి, అడుగున ఉన్న తన పేరుని గోటితో గీకి పారేసింది.