ఇరవై ఏడో వాక్యం

తప్పులసారుకి ఆ పేరు ఊరికే రాలేదు. బట్టల ఫ్యాక్టరీ శిక్షణ గదిలో ఇంగ్లిష్ వాక్యాన్ని బోర్డు మీద మూడు ముక్కలుగా రాసి, "ఏ ముక్కలో ఉందర్రా తప్పు?" అని అడగడమే ఆయన ఉద్యోగం. మూడింట్లోనూ లేకపోతే నాలుగో జవాబు: తప్పు లేదు. కుట్టు మిషన్ ముందు నుంచి లేచి ఆఫీసు గుమాస్తా కుర్చీలో కూర్చోవాలంటే అలాంటివి వంద చేసి గట్టెక్కాలి. ఇంట్లో మాత్రం భార్య, "లోకంలో అందరి తప్పులూ పడతారు, మీవి తప్ప!" అని దెప్పుతూ ఉండేది. ఏ ముహూర్తాన అందో గానీ, ఆ మాటే నిజమైంది.

పరీక్షకు ముందు అక్కడొక పద్ధతి ఉంది. పెద్దసారు ప్రశ్నలు తయారుచేసి జవాబుల కాగితం రాస్తారు. దాన్ని చూడకుండా తప్పులసారు వందా విడిగా చేసి, రెండూ పోల్చి, సంతకం పెట్టాలి. ఈసారి సరిగ్గా ఆ రోజే ఆయన బావమరిది కొత్త కారు కొన్నాడు. గేటు దగ్గర ఒకటే హారన్. పెద్దసారు భోజనానికి వెళ్లారు, జవాబుల కాగితం బల్లమీదే ఉంది. ఇంకేముంది! పెద్దసారు పొరపాటు పడతారా ఏమిటని, పది నిమిషాల్లో వందా చూసి ఎక్కించేసి, 'విడిగా చేసి సరిచూశాను' అని రాసి, ఒక్క వంకర లేకుండా సంతకం గీకి, పరుగున వెళ్లి కారు ముందు సీట్లో కూర్చున్నాడు మహానుభావుడు.

ఫలితాలు వచ్చిన మధ్యాహ్నం కాలర్లక్క ఆయన గదికి వచ్చింది. పదహారేళ్లుగా చొక్కాలకు కాలర్లు కుడుతున్న మనిషి. వేళ్లు తిమ్మిరెక్కి, సూది దిగినా తెలియని దాకా వచ్చింది. డాక్టరు మిషన్ మానేయమన్నాడు. వచ్చే ఏడాదికి పరీక్ష రాసే వయసు దాటిపోతుంది. పోయింది చూస్తే ఒక్క మార్కుతో.

"ఇరవై ఏడోది సార్. నేను తప్పు లేదని పెట్టాను. వాళ్ల జవాబుల్లో రెండో ముక్క తప్పని ఉంది. ఎన్నిసార్లు చదివినా నాకు కనపడట్లేదు. తప్పు లేకపోతే లేదనడానికి దమ్ముండాలని మీరే అంటారుగా! ఐదింటిలోపు అర్జీ పెట్టుకోవచ్చట, రాసుకొచ్చాను. తప్పులున్నాయేమో ఒక్కసారి చూడండి."

ఆవిడకది అలవాటు. సెలవు చీటీ అయినా సరే, ఆయన చూసి ఊఁ అంటేనే ఇచ్చేది.

తప్పులసారు వాక్యం చదివాడు. మళ్లీ చదివాడు. వాక్యం కడిగిన ముత్యంలా ఉంది. అర్జీ వెళ్తే రెండు కాగితాలూ బయటికి తీస్తారు. విడిగా చేసిన ఇద్దరూ ఒకే పొరపాటు ఎలా చేశారని నిలదీస్తారు. ఉద్యోగం ఊడినా ఊడుతుంది.

"నీదే పొరపాటమ్మా," అన్నాడు. "రెండో ముక్కలోనే ఉంది. అంత తేలిగ్గా కనపడదు."

"అయ్యో, అంతేనా! నాకే పొగరు సార్, మీ అందరినీ అనుమానించాను. ఏమీ అనుకోకండి." అర్జీ చింపి బుట్టలో వేసి, ఆయన్ని చూసి నవ్వి మరీ వెళ్లింది.

ఛీ, ఇదీ ఒక బతుకేనా! బుట్టలోని ముక్కలు కంటపడకుండా ఆయన కుర్చీ అటు తిప్పుకుని కూర్చున్నాడు.

నాలుగింటికి క్లాసు. బోర్డు మీద అదే వాక్యం రాశాడు. ఎవరైనా ఒక్కరు తప్పు లేదంటే చాలు, ఆ మాట పట్టుకుని నిజం చెప్పేయొచ్చని ఆశ. పిరికివాడి ఆశ. పుస్తకాలు తిరిగిచ్చేద్దామని వచ్చిన కాలర్లక్క వెనక బల్లమీద కూర్చుని ఉంది.

"ఏ ముక్కలో ఉందర్రా తప్పు?"

అందరికంటే ముందు చెయ్యెత్తింది ఆవిడే.

"రెండో ముక్క సార్. మీరు చెప్పాక చూస్తే నాకూ కనిపించింది."

కనిపించిందట! లేని తప్పు కనిపించిందట! మూడేళ్లు తనే కూర్చోబెట్టి నేర్పిన చూపును ఒక్క మాటతో తనే పోగొట్టాడు. సిగ్గుతో ఆయన తల వాలిపోయింది.

"లేదమ్మా. అందులో తప్పు లేదు. నువ్వు పెట్టిందే రైటు. మధ్యాహ్నం నీకు అబద్ధం చెప్పాను." మిగతాదీ చెప్పేశాడు. "నేను ఆ వందా చేయలేదు. పెద్దసారుది చూసి ఎక్కించాను."

గోడ గడియారం నాలుగూ ఇరవై చూపిస్తోంది.

"ఇంకో అర్జీ రాయమ్మా. నాదీ దానికి జత చెయ్యి." జరిగినదంతా కాగితం మీద పెట్టి సంతకం చేశాడు. ఈసారి సంతకం వంకర పోయింది. ఆవిడా రాసింది, తిమ్మిరి వేళ్లతో, ఆగి ఆగి. రాయడం అయ్యాక ఆయన ఒక చేత్తో తన కాగితం ఇచ్చి, రెండో చెయ్యి అలవాటు కొద్దీ ఆవిడ అర్జీ కోసం చాపాడు.

కాలర్లక్క ఆ చేతివంక చూసింది. రెండు కాగితాలూ కలిపి మడిచి, ఆఫీసు వైపు నడిచింది. తప్పులున్నాయేమో చూడమని అడగలేదు.