మాటల చదువు

సత్యప్రియ ఏం చదువుతోందో పాలెంలో ఎవరికీ సరిగా తెలియదు. తెలియకపోయినా దానికో పేరు మాత్రం పెట్టేశారు, మాటల చదువని. ఆ పేరు పెట్టింది ఆ పిల్ల తాత గంగయ్య.

రాజోలు దాటి ఇంకా కిందికి పోతే, గోదావరి నీళ్ళు ఉప్పెక్కే చోట ఉంటుంది ఆ పాలెం. మగవాళ్ళు నావల మీద పోతారు, ఆడవాళ్ళు చేపలు అమ్ముతారు. ప్రియ తండ్రి చిన్నప్పుడే పోయాడు. తల్లి విజయకుమారి కువైట్లో ఇంటిపని చేస్తుంది. పిల్లని పెంచింది గంగయ్య, అతని పెళ్ళాం సూర్యావతి.

యూనివర్సిటీలో సీటు వచ్చిన రోజున ఆటో నడిపే కొండబాబు గుమ్మం ముందు బండి ఆపి, "ఏం సీటు బాబాయ్, నర్సింగా?" అని అడిగాడు.

"దాన్నే అడగరా."

ప్రియ విడమరిచి చెప్పింది. "భాషాశాస్త్రం అన్నయ్యా. మనుషులు ఎలా మాట్లాడతారో చదువుతాం. పసిపిల్లలకి మాట ఎలా వస్తుంది, ఏటికి అటూ ఇటూ మాట ఎందుకు మారిపోతుంది, తలకి దెబ్బ తగిలితే మాట ఎలా పోతుంది, అన్నీ ఉంటాయి."

గంగయ్య చెవిలో ఆ చివరి ముక్కే నిలబడింది. "పోయిన మాటకి డాక్టరన్నమాట," అన్నాడు.

"డాక్టరు కాదు తాతా."

"ఇప్పుడు కాదులే. చదివేక."

ప్రియ నవ్వింది. బస్సెక్కేటప్పుడు మళ్ళీ చెప్పింది, కాదని. నర్సింగు చదివే పిల్లలు కూడా మొదట్లో అలాగే అంటారు, అది అణకువ అనుకున్నాడు గంగయ్య. రేవులో చెప్పాడు, చేపల వేలంపాట దగ్గర చెప్పాడు, టీ కొట్టులో చెప్పాడు. వెనక వీధి లావణ్య తన కూతురికి నత్తి అని చెప్పుకుంటే, "సెలవలకి వస్తాదిగా, చూపించు," అని హామీ కూడా ఇచ్చేశాడు.

గంగయ్య పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఆ ఇంట్లో మాటంతా సూర్యావతిదే. నెత్తిన గంప పెట్టుకుని పక్క ఊళ్ళోకి అడుగుపెట్టిందంటే, ఆఖరి ఇంట్లో వాళ్ళు కూడా గిన్నె కడుక్కుని సిద్ధంగా ఉండేవారు. రొయ్యపొట్టు, మెత్తళ్ళు, సావిడాయలు అని ఆవిడ కేక వేస్తే కొబ్బరితోటల అవతల పని చేసుకునేవాళ్ళకి వినిపించేది. బేరం దగ్గర నవ్వించేది, తిట్టేది, ఎవరి కోడలు నీళ్ళోసుకుందో చెప్పేది. ఆ మాటల మధ్య గంగయ్య వల బాగుచేసుకుంటూ ఊరికే ఉండేవాడు. ఊరికే ఉండడంలో ఆయనకి సుఖం ఉండేది. అది సూర్యావతి మాటల వల్ల వచ్చే సుఖమని అప్పుడాయనకి తెలియదు.

వేసవి సెలవలకి వచ్చినప్పుడు ప్రియ మామ్మ ఎదురుగా అరుగు మీద కూర్చుని ఫోనులో ఆవిడ మాటలన్నీ పట్టింది.

"ఏటే ఇది, నేను తిట్టింది కూడా పడిపోద్దా?"

"పడుద్ది మామ్మా. తిట్టు, బాగుంటుంది."

"మీ తాత్ని తిట్టమంటావా? పొద్దు చాలదు."

అలా మొదలై, మాట వసకొమ్ము మీదికి పోయింది. ప్రియకి మూడో ఏడు వచ్చినా అత్త అని కూడా అనలేదట. అప్పుడు సూర్యావతి వసకొమ్ము సానరాయి మీద అరగదీసి, తేనెలో రంగరించి, రోజూ పొద్దున్నే పిల్ల నాలిక్కి రాసిందట. "తరవాత్తరవాత నీ నోరు మూయించడానికి ఎవరి తరం కాలేదు," అని ముగించింది.

"నీకు మీ అమ్మ కొమ్ము మొత్తం అరగదీసి పోసేసినట్టుంది," అన్నాడు గంగయ్య, వల మీంచి తల ఎత్తకుండానే.

"మీ అమ్మ నీకు రాయడం మరిచిపోయింది," అంది సూర్యావతి. ప్రియ నవ్వు కూడా ఫోనులో పడింది.

"మామ్మా, ఇది బంగారమే. మా మేడం గారు వింటే వదిలిపెట్టరు," అంది ప్రియ. అన్నట్టే తిరిగి వెళ్ళాక ఫోన్ చేసి చెప్పింది. మేడం గారు క్లాసులో అందరికీ వినిపించేరట. ఎంత విలువైన విషయం అన్నారట. సూర్యావతి వారం రోజులు ఊళ్ళన్నీ తిరిగి చెప్పుకుంది. గంగయ్య ఎవరికీ చెప్పలేదు గాని మనసులో గట్టిగా పెట్టుకున్నాడు. యూనివర్సిటీ వాళ్ళు విని, అవునన్న మందు అది.

చలి మొదలవుతున్న రోజుల్లో ఒక పొద్దున్న సూర్యావతి గంప ఎత్తుకోబోయి కింద పడేసింది. గంగయ్య చూసేసరికి మెత్తళ్ళు వాకిలంతా చెల్లాచెదురుగా ఉన్నాయి. ఆవిడ వాటి మధ్య కూలబడి కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని చూసుకుంటోంది. మూతి ఒక పక్కకి పోయింది. ఏదో అనబోతోంది. మాట రావడం లేదు, గాలి మాత్రం వస్తోంది.

గంగయ్య కేక విని కొండబాబు ఆటో తెచ్చేశాడు. "ఎక్కించు బాబాయ్, అమలాపురం తీసుకుపోదాం. పక్షవాతంలా ఉంది."

"ఆగరా. దానికి ఫోన్ చేస్తున్నాను."

ప్రియ ఫోను మోగింది గాని ఎత్తలేదు. పరీక్షలని ముందే చెప్పింది. హాల్లోకి ఫోను పట్టుకెళ్ళనివ్వరు.

"పరీక్ష అవ్వగానే చేస్తాది," అన్నాడు గంగయ్య.

"అప్పటిదాకా ఏం చేస్తావు? పిన్నిని చూడు, మూతి ఎలా అయిపోయిందో!"

"మాట పోయిందిరా. మాటకి చదివే పిల్ల మన ఇంట్లో ఉండగా, ముక్కూ మొహం తెలియనోళ్ళ చేతిలో పెట్టమంటావేటి? ఏ సూదో పొడిచేస్తే ఆనక అది వచ్చి, నన్ను అడక్కుండా ఎందుకు తీసికెళ్ళేవంటే?"

"ఆ పిల్ల డాక్టరు కాదని ఆ పిల్లే చెప్పింది కదా బాబాయ్!"

"నీకు తెలుసా, నాకు తెలుసా?"

గంగయ్య అంత పెద్ద మాట ఎప్పుడూ అనలేదు. కొండబాబు ఆటో దగ్గరే నిలబడిపోయాడు. పెద్దవాణ్ణి పక్కకి తోసి ఆవిణ్ణి ఎత్తుకుపోవడానికి చెయ్యి రాలేదు. దాని గురించి తరవాత చాలాకాలం బాధపడ్డాడు.

గంగయ్య లోపలికి వెళ్ళి డబ్బాలోంచి వసకొమ్ము తీశాడు. సానరాయి కడిగాడు. శ్రద్ధగా అరగదీశాడు. తేనె వేసి రంగరించి, సూర్యావతి తల తన ఒళ్ళో పెట్టుకుని వేలితో నాలిక్కి రాశాడు. ఆవిడ తల పక్కకి తిప్పుకుంది.

"చేదుగానే ఉంటాదే. పిల్లలకి నువ్వు రాయలేదా?"

చాలలేదనిపించి ఇంకాస్త పోశాడు. ఆవిడకి మింగుడు పడలేదు. గొంతులో గురగుర వచ్చింది, దగ్గు వచ్చింది, కళ్ళమ్మట నీళ్ళు వచ్చాయి. దగ్గు వస్తే మందు పట్టిందనుకున్నాడు. గడ్డం పట్టుకుని పైకెత్తి మిగిలింది కూడా పోసేశాడు. ఆవిడ ఎడమచెయ్యి ఆయన చొక్కా పట్టుకుని లాగుతూనే ఉంది. అది వద్దని లాగడమో, దగ్గరికి లాక్కోవడమో ఆయనకి అర్థం కాలేదు.

మధ్యాహ్నం దాటాక ప్రియ ఫోన్ చేసింది.

"మామ్మకి మాట రావట్లేదమ్మా. మూతి వంకర పోయింది. వస పోసేను. ఇంకా ఏం చెయ్యమంటావు?"

అవతల నుంచి ఒక్క అరుపు. "ఆస్పత్రికి తాతా! ఇప్పుడే! ఇంకేం పొయ్యకు నోట్లో! ఎప్పట్నించి ఇలా ఉంది?"

గంగయ్య కొండబాబు కేసి చూశాడు, వాకిట్లో ఎండిపోతున్న మెత్తళ్ళ కేసి చూశాడు. "ఇప్పుడేనమ్మా," అన్నాడు.

అమలాపురంలో డాక్టరమ్మ కూడా మొదట అదే అడిగింది. "ఎప్పుడు మొదలైంది పెద్దాయనా? సరిగ్గా చెప్పండి."

గంగయ్య నోరు తెరిచాడు. ఇప్పుడే అనబోయాడు. వెనక నుంచి కొండబాబు అన్నాడు, "పొద్దున్నేనండి. తెల్లారగానే. ఇదిగో, ఈయన ఆపేసేరండి."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. మెదడులో నరం మూసుకుపోయిందని, వెంటనే తెచ్చి ఉంటే రక్తపు గడ్డని కరిగించే ఇంజెక్షన్ ఒకటి ఉండేదని, ఇప్పుడిస్తే ప్రాణానికే ప్రమాదమని చెప్పింది. కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండుననిపించింది గంగయ్యకి. మర్నాటికి జ్వరం వచ్చింది. పోసిన తేనె ఊపిరితిత్తుల్లోకి పోయిందన్నారు. ముక్కులో గొట్టం వేశారు.

ప్రియ మిగతా పరీక్షలు వదిలేసి వచ్చింది. వచ్చి మామ్మ మంచం పక్కన కూర్చుంది. గంగయ్య మంచానికి అవతలి పక్కన నిలబడ్డాడు. ఆయన ఎదురుచూసింది ఈ ఘడియ కోసమే.

"ఇప్పుడు నువ్వు చెయ్యమ్మా," అన్నాడు.

"ఏం చెయ్యను తాతా?"

"మాట తెప్పించు."

ప్రియ చేతుల్లో మొహం పెట్టుకుంది. తల ఎత్తి అంది, "ఇది మా పుస్తకంలో ఉంది తాతా. దీనికో పేరుంది. మెదడులో ఏ పక్క దెబ్బ తగిలితే ఇలా అవుతుందో బొమ్మ గీసి చూపించగలను."

"పేరుంటే మందుంటాది కదా."

"నాకు తెలిసింది పేరొక్కటే."

"మరి ఇన్నాళ్ళూ ఏం చదివేవు?" మాట పదునుగా వచ్చింది. పక్క మంచం వాళ్ళు తిరిగి చూశారు. "వస మంచిదని మీ మేడం గారు అందరికీ వినిపించలేదా? నువ్వే చెప్పేవు కదా!"

"మామ్మ చెప్పిన తీరు బాగుందన్నాం తాతా. మందని ఎవరన్నారు?"

"కాదని మాత్రం ఎవరు చెప్పేరు నాకు?"

ప్రియ మామ్మ దుప్పటి సవరించింది. గొంతు తగ్గించి అడిగింది, "నాకెందుకు అబద్ధం చెప్పేవు, ఇప్పుడేనని?"

ఇద్దరూ సూర్యావతి కేసి చూశారు. ఆవిడ కళ్ళు తెరిచే ఉన్నాయి, ఒకరి మొహం మీంచి ఇంకొకరి మొహం మీదికి తిరుగుతున్నాయి.

జ్వరం తగ్గి, గొట్టం తీసేశాక ఆవిడకి ఒక మాట తిరిగి వచ్చింది. ఒక్కటే. ఆ సీమలో ఎవరేం చెప్పినా అవునన్నట్టు మర్యాదగా పలికే మాట.

"మామ్మా, నేనెవర్నో తెలిసిందా?"

"ఆయ్."

గంగయ్య ఎగిరిపడ్డాడు. "చూసేవా! వచ్చేస్తోంది!"

ప్రియ సంతోషించలేదు. తన చేతిలోని ఫోను చూపించి, "మామ్మా, ఇది చేపే కదా?" అంది.

"ఆయ్."

"నొప్పిగా ఉందా?"

"ఆయ్."

"నొప్పి లేదా?"

"ఆయ్."

ప్రియ లేచి వరండాలోకి వెళ్ళిపోయింది. ఇలా ఒక్క మాట మిగిలిపోవడం కూడా పుస్తకంలో ఉందని, నేర్పేవాళ్ళు వేరే ఉంటారని, వాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళినా ఎంత వస్తుందో చెప్పలేమని తరవాత తాతకి చెప్పింది. గంగయ్య విని తల ఊపాడు. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ ప్రియ ఒకే ఒక్కసారి ఫోనులో మామ్మ గొంతు పెట్టింది, విని ఏమైనా గుర్తుకొస్తుందేమోనని. తాత్ని తిట్టాలంటే పొద్దు చాలదంటున్న గొంతు వార్డంతా వినిపించింది. సూర్యావతి ఆ ఫోను కేసి, ఎవరో తెలియని మనిషి కేసి చూసినట్టు చూసింది. తరవాత ఎడమచేత్తో మొహం కప్పుకుంది.

"ఆపెయ్యమ్మా," అన్నాడు గంగయ్య.

ఇంటికి తెచ్చాక, కొన్నాళ్ళుండి ప్రియ యూనివర్సిటీకి తిరిగి వెళ్ళింది. చదువు మానేస్తానంటే తల్లి కువైట్ నుంచి ఫోనులో ఏడ్చి పంపించింది. బస్సు దగ్గర తాతా మనవరాలూ ఒకరినొకరు ఏమీ అనుకోలేదు. లావణ్య కూడా తన నత్తి పిల్లని చూపించే మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇప్పుడు గంగయ్య పొద్దున్నే సూర్యావతిని అరుగు మీద గోడకి ఆనించి కూర్చోబెడతాడు. అన్నం మెత్తగా పిసికి పెడతాడు. తరవాత వల ముందేసుకుని కూర్చుంటాడు. ఆ ఇంట్లో ఇప్పుడు మాట్లాడే పని ఆయనదే అయింది. రేవు సంగతులు చెబుతాడు, చేపల ధర చెబుతాడు. ఎవరి కోడలు నీళ్ళోసుకుందో కనుక్కుని వచ్చి మరీ చెబుతాడు. ఆవిడ అన్నిటికీ ఆయ్ అంటుంది.

ఒకరోజు వీధిలో ఎవరూ లేనప్పుడు, ఆస్పత్రి నుంచి కడుపులో దాచుకున్నది అడిగేశాడు.

"ఆ పొద్దున్నే ఆటో ఎక్కించుంటే నీకు మాట ఉండేది. నీకు తెలుసా?"

"ఆయ్."

ఆయన చేతిలో దారం ఆగిపోయింది. వల పక్కన పెట్టి, ఇంకో ప్రశ్న అడిగాడు.

"నాకు తెలీక చేసేను. నా మీద కోపం లేదు కదే?"

"ఆయ్."

అదే గొంతు, అంతే మెత్తగా. ఆయన లేచి దగ్గరికి వెళ్ళి, ఆవిడ కళ్ళల్లోకి వంగి చూశాడు. అందులో ఏదో ఉంది. ఉందని తెలుస్తోంది గాని ఏమిటో తెలియడం లేదు. చదువుకోని వాడు చీటీని చూసినట్టు చూశాడు.

అంతలో పక్క ఊరి మనిషి ఒకామె, ఈ సంగతులేవీ తెలియనిది, గిన్నె పట్టుకుని గుమ్మం దగ్గర ఆగింది.

"ఏం పిన్నిగారూ, ఈ మధ్య మా ఊరు రావడమే మానేసేరు. రొయ్యపొట్టు ఉందాండీ?"

"ఆయ్," అంది సూర్యావతి.

ఆమె గిన్నె అరుగు మీద పెట్టి, చెంగుతో మొహం తుడుచుకుంటూ నిలబడింది. లేదని చెప్పడానికి గంగయ్య నోరు తెరిచాడు. మాట రాలేదు.