కుందుర్పిలో ఆగిన విత్తనాలు

మడకశిర రైతుసంఘం ఆఫీసులో కంప్యూటర్ ముందు గౌతమి కూర్చోవడం ఆ నెలలో అది మూడోసారి. కరువులో పశువులను మేపడానికి సంఘం నడిపే గడ్డి శిబిరాల్లో వాటి వివరాలు ఎక్కించడానికి ఆమె ఒక ప్రోగ్రాం రాసింది. అనంతపురంలో తన టేబుల్ మీద అది చక్కగా నడిచేది. తీరా పంచబోతే కుందుర్పిలో విండోస్ తొంభై ఎనిమిది, విడపనకల్లులో ఎక్స్‌పీ, ఇక్కడేమో వైరస్‌ల బాధ పడలేక పెట్టుకున్న లినక్స్. మొదటిసారి ఇక్కడి యంత్రం ఒక ఫైలు లేదంది. నెట్ సెంటర్లో దింపుకొని సీడీలో తెస్తే, ఆ ఫైలుకు ఇంకో ఫైలు కావాలంది.

"ఇప్పుడేమంటాంది మేడమ్?" ఆఫీసు చూసుకునే జాకబ్ అడిగాడు.

"ఇంకోటి కావాలంట అన్నా."

అప్పుడే కుందుర్పి నుంచి తిప్పన్న ఫోన్ చేశాడు. అక్కడి సంఘం ఆఫీసు చూసుకునేది ఆయనే.

"నిన్న నువ్వు సీడీ ఏసిపోయినప్పట్నుంచి విత్తనాల ప్రోగ్రాం తెరుచుకోల్యా మేడమ్. చీటీ రాకుంటే గోడౌన్లో మూట ఇయ్యరు. జనం నిలబడినారు."

విత్తనాల ప్రోగ్రాం మరెవరో రాసింది. దాని జోలికి తను పోలేదు కదా అనుకుంటూ కుందుర్పి బస్సెక్కింది. సగం దారిలో తట్టింది. విండోస్‌లో అన్ని ప్రోగ్రాంలూ కలిసి వాడుకునే ఫైళ్లు ఒకేచోట ఉంటాయి. తన సీడీ అందులో ఒక పాత ఫైలును చెరిపి కొత్తది పెట్టింది. విత్తనాల ప్రోగ్రాంకు ఆ పాతదే కావాలి. పాతది చెరపమంటారా అని సీడీ వేసినప్పుడు అడిగే ప్రశ్నను, జనం తికమకపడతారని, తనే తీసేసింది.

కుందుర్పిలో దిగేసరికి మధ్యాహ్నమైంది. పాత ఫైలు విండోస్ సీడీలో ఉంటుంది. ఆ సీడీ ఎప్పుడో ఎవరో పట్టుకుపోయారన్నాడు తిప్పన్న. గౌతమి జాకబ్‌కు ఫోన్ చేసింది. లినక్స్‌కు ముందు అక్కడ వాడిన విండోస్ తొంభై ఎనిమిది సీడీ ఆయన దగ్గరుంది. రెండు బస్సులు మారి తానే తెస్తానన్నాడు.

వరుసలో ముందున్న హనుమంతమ్మ లోపలికొచ్చింది.

"యామ్మా, ఇంకెంతసేపు? మొన్న పడిన వానకు తడి ఉండాది. రేపు ఇత్తకుంటే ఆరిపోతాది."

"వైరస్ వచ్చిందని చెప్తాలే," అని తిప్పన్న గొణిగాడు.

ఆ మాట మీద నిలబడితే సరిపోయేది. గౌతమికి అబద్ధం ఆడే ఓపిక కూడా లేకపోయింది.

"వైరస్ కాదమ్మా. నేనేసిన సీడీతోనే చెడిపోయింది. తప్పు నాదే."

హనుమంతమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. "నీ గొడ్ల పనికి మా సేను ఎండబెడతావా?"

గౌతమి తిప్పన్న వైపు తిరిగింది. చేత్తో చీటీలు రాస్తానంటే తిప్పన్న ఒప్పుకోలేదు. "రేపు పైవాళ్లు అడిగేది నన్ను!" అన్నాడు. ఆమె తెల్లకాగితం తీసుకుంది. యంత్రం చెడింది తన వల్లనేనని, చేతిరాత చీటీలకు బాధ్యత తనదని రాసి సంతకం పెట్టింది. ఆయన రెండుసార్లు చదివి, ముద్ర బయటికి తీశాడు.

పాసుపుస్తకం చూడడం, పేరు రాయడం, చీటీ చింపడం. వేళ్లు కొంకర్లు పోయాయి. మొదటి చీటీ అందుకున్న హనుమంతమ్మ వెనక్కి చూడకుండా గోడౌన్ వైపు నడిచింది.

నాలుగింటికి జాకబ్ చెమటతో వచ్చాడు. పాత ఫైలు తిరిగి పెట్టగానే విత్తనాల ప్రోగ్రాం తెరుచుకుంది. గడ్డి శిబిరాలది ఆగిపోయింది.

"దాన్ని ఇప్పుడేం చేస్తావు?" అన్నాడు జాకబ్.

"దానికి కావల్సినవన్నీ దాని ఫోల్డర్లోనే పెడతా అన్నా. ఒకరి సొమ్ము ముట్టకుండా. మీ లినక్స్‌కూ అంతే, ఒక్క సీడీలో అన్నీ."

వారం పట్టింది. కుందుర్పిలో రెండు ప్రోగ్రాంలూ పక్కపక్కనే తెరుచుకున్నాయి. మడకశిరలో ఈసారి యంత్రం ఏమీ అడగలేదు. జాకబ్ నవ్వి టీ తెప్పించాడు. ఆమె రెండు గుక్కలు తాగి, మిగిలిన సీడీ సంచిలో వేసుకుని, విడపనకల్లుకు పోవాలని లేచింది.