మూడో ఎలుక

మా కెమెరా పెట్టెలో మత్తిచ్చిన ఎలుకలు నాలుగు వరసగా పడుకుంటాయి. వాటికి ఎక్కించిన రేణువులు కంటికి ఆనవు. క్యాన్సర్ గడ్డను వెతికి పట్టుకుని వెలుగుతాయి, ఆ వెలుగును బట్టి డాక్టర్లు దాన్ని కోసి తీస్తారు. పని అయ్యాక కాలేయంలో మిగలకూడదు. మిగిలితే ప్రాణం మీదికొస్తుంది.

మూడు నెలలుగా తెర మీద కాలేయాలు నల్లగా, శుభ్రంగా వచ్చాయి. ఎలుకల్ని మార్చినా మూడో చోటున్నది మాత్రం వెలిగేది. దాన్ని లెక్కలోంచి తీసెయ్యమనేవారు ల్యాబు నడిపే సారు.

సోమవారం మొదటిసారి మనిషికి ఎక్కిస్తారు. ఆ మనిషి మా తమ్ముడు, వాడి గడ్డకు మిగిలిన దారి ఇదొక్కటే. కరెంటు పోతే తనను గదిలో ఓ మూల నిలబెట్టమని పొద్దున ఫోన్లో నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. మధ్యాహ్నం మూడో ఎలుకను మొదటి చోటికి మార్చాను. దాని కాలేయం ఆరిపోయింది. మొదటిది మూడో చోట భగ్గుమంది.

వెలుగు ఎలుకది కాదు, చోటుది.

ఎలుకల్ని పెట్టేముందు ఖాళీ పళ్లేన్ని ఫొటో తీస్తాం. పళ్లెం మీద ఏదైనా మెరుపుంటే కంప్యూటరు దాన్ని తర్వాతి ఫొటోల్లోంచి మినహాయిస్తుంది. ఆ పని ల్యాబులో అందరం పెద్దక్క అని పిలిచే ఆవిడది. ఇరవై ఏళ్లుగా ఇక్కడ టెక్నీషియను, మూడు నెలల కిందట గుండె ఆగి చనిపోయింది. ఆవిడ చివరి ఫొటోనే ఇంకా వాడుతున్నాం. దాన్ని తీసెయ్యడానికి ఎవరికీ చేతులు రాలేదు.

తెరిచి చూశాను. ఖాళీ పళ్లెం మీద, ఎలుకల కాలేయాలు వచ్చే వరసలో, వేళ్ల గుర్తులు వెలుగుతున్నాయి. చూపుడువేలు, నడిమివేలు, చిటికెనవేలు. మూడో చోట రావాల్సిన ఉంగరపువేలు లేదు. పెద్దక్కకది సగమే, ఎప్పుడో ఇనుప తలుపులో నలిగిపోయింది.

రేణువులంటిన గ్లవ్‌తో పళ్లెం తాకి ఉంటుంది. పళ్లేన్ని మర్నాడే కడిగాం. ఫొటోను ఎవరు కడుగుతారు? ఆ మూడు వేళ్లూ మూడు కాలేయాల్నీ కప్పేశాయి. లేని వేలొక్కటే నిజం చూపిస్తూ వచ్చింది.

కొత్త ఫొటో తీశాను. నాలుగు కాలేయాలూ వెలిగాయి.

సారు తెర చూసి, సోమవారం పని ఆపమని ఆసుపత్రికి చెప్పారు. తమ్ముడికి నేనే ఫోన్ చేసి చెప్పాను. 

"మరి నాకింకేముందే అక్కా?"

"ఇంటికొస్తున్నానురా."

దీపం ఆర్పాను. చీకట్లో తెర మీద పాత ఫొటోలో ఆ మూడు వేళ్లూ ఇంకా వెలుగుతున్నాయి. లేని వేలి చోట నా వేలు ఆనించాను. చల్లగా తగిలింది.