పదిహేడో సిపాయి

మేజరు లింగారెడ్డి చూపుడువేలు నిలబెట్టి "ఇంతెత్తు" అన్నప్పుడు సోమక్క నోరెళ్లబెట్టింది. ఊరి దేవతలకు నిలువెత్తు కర్ర విగ్రహాలు చెక్కి రంగులు వేసే ఇంటి కోడలామె. అమ్మవారి కన్ను ఎంత ఉంటుందో అంత సిపాయిని చేసి, వాడికి మీసం, తుపాకి, వీపున సంచి పెట్టమంటే ఎట్లా? అవి కూడా ఒకటీ రెండూ కాదు, యాభై. ముప్పై మంది మనవాళ్లు, ఇరవై మంది జపానువాళ్లు.

"పిల్లోళ్లు ఆడుకోనా సామీ?"

"కాదు సోమక్కా, పెద్దోళ్ల ఆటే. బల్ల మీద గుట్ట కడతాం. వీళ్లను నిలబెట్టి, పాచికలు వేసి యుద్ధం చేస్తాం. పట్టాళంలో ఉన్నప్పుడు ఒక తెల్లదొర నేర్పినాడు."

తల నెరిసిన మనుషులు బొమ్మలు పెట్టుకుని యుద్ధం ఆడతారంటే ఆమెకు నవ్వొచ్చింది. కానీ మేజరు ముందు నవ్వే మనిషి కాదామె. ఆయన రాసిన జాబు పదేళ్లుగా ఆమె ట్రంకుపెట్టె అడుగున ఉంది. ఆమె భర్త శేషన్న బర్మాలో ఈ మేజరు కిందే సిపాయి. వానలు లేక, విగ్రహం చేయించే ఊరు లేక, ఉలి పక్కన పెట్టి పట్టాళంలో చేరాడు. తిరిగి రాలేదు. గుట్ట ఎక్కేటప్పుడు మొదటి కాల్పులోనే తూటా గుండెకు తగిలిందని, నొప్పి తెలియకుండా ప్రాణం పోయిందని మేజరు తన చేత్తో రాశాడు.

ఓర్వకల్లు బడి అయ్యవారు ఆ జాబు చదివి వినిపించిన రోజు సోమక్క, ఆమె అత్త గిడ్డమ్మ గుండెలు బాదుకుని ఏడ్చారు. ఏడ్చి ఏడ్చి చివరకు ఆ ఒక్క మాట పట్టుకుని లేచారు. నొప్పి తెలియలేదు. ఎంతమందికి దొరుకుతుంది అంత చల్లని చావు? జాబులోని తేదీకి అయ్యవారే తిథి చూసి పెట్టాడు, మాఘ బహుళ తదియ. ఏటా ఆ రోజు శేషన్న పేరున విస్తరి వేసి, అన్నం పెట్టి, మేజరు చల్లగా ఉండాలని కూడా మొక్కుకునేవాళ్లు. అంత వివరంగా ఉత్తరం ఏ దొర రాస్తాడు మరి!

అందుకే సోమక్క ఆ పని ఒప్పుకుంది. ఒప్పుకుని, గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగింది.

"ఆ ముప్పై మందిలో మా ఆయప్ప ఉంటాడా సామీ?"

మేజరు బల్ల మీది పేర్ల కాగితం వేలితో సర్దాడు.

"ఉంటాడు. పదిహేడో నంబరు."

ఇంకో సంగతి కూడా చెప్పాడు. బొమ్మల పక్కల మీద రంగు గట్టిగా నిలవాలట, ఎందుకంటే ఆటలో వాటిని పడుకోబెడతారు. సోమక్కకు కోపం వచ్చింది. బొమ్మకు అన్ని రంగులూ అయ్యాక చివర్న కంటిపాప దిద్దుతారు, దాన్ని కన్ను తెరవడం అంటారు. కన్ను తెరిచిన బొమ్మను వాళ్లింట్లో నేలకు ఆననీయరు.

"అది ఆట నియమం సోమక్కా," అన్నాడు మేజరు ఓపిగ్గా. "చచ్చినోణ్ణి తీసి ఈ పెట్టెలో వేస్తాం. దెబ్బ తగిలి, ఇంకా బతికుండేవాణ్ణి పక్కకు పండబెడతాం. తోడు సిపాయి ఎవరైనా వాని పక్కకు వచ్చి ఆనుకుంటే మళ్లీ లేస్తాడు."

ఇంటికొచ్చి చెబితే గిడ్డమ్మ మండిపడింది. ఆమె కళ్లకు పొరలు కమ్మి ఆరేళ్లయింది, నోటికి మాత్రం ఏ పొరలూ కమ్మలేదు. "కన్ను తెరిచినోణ్ణి పండబెడతారా? మీ మేజరుకు మతి ఉండాదా, పోయిందా?" అని లేచింది. తోడు సిపాయి సంగతి విన్నాక మెత్తబడింది. "పక్కకు మనిషి వస్తే లేస్తాడా? అయితే పోనీలే. మంచి ఆటే."

రెండు నెలలు పట్టింది. బూరుగు చెక్క చెక్కి, చింతగింజల జిగురులో సుద్ద కలిపి పూసి, ఆరాక గిడ్డమ్మ చేతికిచ్చేది. ముసలామె వేళ్లతో తడిమి ఎక్కడ గరుకుందో చెప్పేది. ఆమె వేళ్లకు దొరక్కుండా ఒక్క గీత కూడా తప్పించుకోలేదు. తర్వాత ఉడుత తోక వెంట్రుకల కుంచెతో రంగులు, వీపు సంచి మీద నంబరు. సోమక్క మొదట అందరికీ ఖాకీ బట్టలు వేసింది, శేషన్న ఇల్లు వదిలినప్పుడు ఖాకీలోనే ఉన్నాడు కాబట్టి. మేజరు చూసి, అడవిలో పచ్చబట్టలు ఇచ్చారు, మార్చమన్నాడు. ఆమె దిమ్మెరపోయింది. పదేళ్లుగా రోజూ కళ్ల ముందు పడిపోతున్న మనిషి ఖాకీ బట్టల్లోనే పడిపోతున్నాడు. బట్టల రంగే తనకు తెలియకపోతే ఇంకేం తెలుసు తనకు?

అప్పుడే పట్టుదల పుట్టింది. ఆ ఆట చూడాలి. శేషన్న పడిపోయిన క్షణం, ఆ చల్లని చావు, బొమ్మగానైనా సరే ఒక్కసారి కళ్లారా చూడాలి. చూస్తే గుండె దిటవవుతుంది అనుకుంది. అందరి కళ్లూ తెరిచాక పదిహేడో నంబరు కళ్లు తెరిచింది. కుంచె జారి ఎడమ కంటిపాప కాస్త పెద్దదైంది. దిద్దకుండా అట్లాగే వదిలేసింది.

ఆట రోజు ఆదివారం. కర్నూలు రాజధాని అయినప్పటి నుంచి బస్సులో నిలబడటానికి కూడా చోటు దొరకడం లేదు. సోమక్క బొమ్మల పెట్టె ఒళ్లో పెట్టుకుని, దిగేదాకా మూత మీద చెయ్యి తీయలేదు.

కర్నూల్లో మేజరు ఇంట్లో మద్రాసు నుంచి వచ్చిన కర్నలు ఒకాయన ఉన్నాడు. తెలుగు రాదు. ఆ పట్టాళం చరిత్ర రాస్తున్నాడట, ఆ గుట్ట మీద ఏం జరిగిందో బల్ల మీద చూపించమని అడిగాడట. అందుకని ఆ రోజు పాచికలు లేవు. జరిగింది జరిగినట్టు జరపడమే.

"రంగు పెచ్చులేస్తే దిద్దుతా సామీ, ఈడనే ఉంటా," అంది సోమక్క.

"ఉండు. మేం ఇంగ్లీషులో మాట్లాడుకుంటాం, నీకేం అర్థం కాదు," అన్నాడు మేజరు.

బల్ల మీద గుట్టను చూసి ఆమె ఆశ్చర్యపోయింది. బర్మా గుట్టను తన ఊరు ఓర్వకల్లు రాళ్లతోనే కట్టాడు మేజరు. ఆ గరుకు రాళ్ల మధ్య ఆమె చేసిన ముప్పై మంది బారులు తీరారు. పైన ఇరవై మంది జపానువాళ్లు కాచుకుని ఉన్నారు. కర్నలు కర్రతో చూపిస్తాడు, మేజరు జరుపుతాడు. ఒక్కో అడుగూ పైకి.

మొదటి కాల్పు. సోమక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మేజరు చెయ్యి గుట్ట మీదికి వెళ్లింది. నాలుగో నంబరును తీసి పెట్టెలో వేశాడు. ఇరవై రెండును వేశాడు. ఆమె కళ్లు మూసుకుంది. తెరిచేసరికి పదిహేడో నంబరు ఇంకా నిలబడే ఉన్నాడు.

మర్చిపోయాడేమో అనుకుంది. పెద్దమనిషి, పదేళ్ల నాటి మాట. కానీ మేజరు పదిహేడును ఇంకా పైకి జరిపాడు. ఇంకో రాయి. ఇంకో రాయి. కొన దాకా! మళ్లీ కాల్పు. తొమ్మిదో నంబరు పెట్టెలో పడ్డాడు. ఆ తర్వాత మేజరు పదిహేడును రెండు వేళ్లతో పట్టుకున్నాడు. పెట్టె వైపు తేలేదు. ఒక రాయి చాటున, ఎడమ పక్కకు, మెల్లగా పడుకోబెట్టాడు.

చచ్చినవాడు పెట్టెలోకి. బతికినవాడు పక్కకు. ఆ నియమం ఈయన నోటి నుంచే తను విన్నది.

కర్నలు ఏదో అడిగాడు. మేజరు ఏదో చెప్పాడు. ఆ మాటలు ఆమెకు అక్కర్లేదు, ఆ చెయ్యి చాలు. చెయ్యి ఇప్పుడు మిగిలిన సిపాయిలను కిందికి దించుతోంది. ఇద్దరిద్దరు. ముగ్గురు. పడుకున్నవాడికి రెండు వేళ్ల దూరంలో ఉన్న ఆరో నంబరు కూడా వెనక్కి తిరిగాడు.

"ఒకర్ని పంపు సామీ!"

తను అరిచానని సోమక్కకు అరిచాక తెలిసింది. కర్నలు ఉలిక్కిపడి కర్ర జారవిడిచాడు.

"ఆరో నంబరాయప్ప ఆడనే ఉండాడు గదా! పక్కకు పోతే లేస్తాడు గదా! పంపు!"

"పంపలేదు," అన్నాడు మేజరు.

పంపను అనలేదు, పంపలేదు అన్నాడు. అన్నాక ఆయన మొహం సున్నం కొట్టినట్టు తెల్లబోయింది. చేతిలోని ఆరో నంబరును ఎక్కడ పెట్టాలో తెలియక అట్లాగే పట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు.

"మొదటి కాల్పులో మా ఆయప్ప పోలేదా?"

"లేదు."

"గుండెకు తగల్లేదా?"

"తొడకు తగిలింది. రాయి చాటున పడినాడు. ఎవరు పోయినా వాడూ పడతాడు సోమక్కా. ఇరవై ఆరు మందిని కిందికి దించుకోవాల నేను. ఈ పొద్దు బల్ల మీద కూడా అబద్ధం చెబుదామంటే, ఈ కర్నలు ఆ పొద్దు పక్క గుట్ట మీదనే ఉండాడు."

"నాకు చెప్పినావు గదా సామీ, అబద్ధం."

మేజరు తల ఎత్తలేదు. "ఇంట్లో ఇద్దరాడోళ్లు. నిద్రన్నా పోతారని రాసినా."

"నిద్రపోయినాం. పదేండ్లు బాగా నిద్రపోయినాం." ఆమెకు ఏడుపు రాలేదు. "అరిచినాడా?"

మేజరు చేతిలోని బొమ్మను చూస్తూ చెప్పాడు. "మేం కింద వాగులో ఉండాం. వినపడుతుండె. కానీ మమ్మల్ని పిలవలేదు సోమక్కా, అది నిజం. శివుణ్ణి పిలిచినాడు. సోమా, సోమా అని. మా సుబేదారు చేతులెత్తి మొక్కినాడు, పుణ్యాత్ముడు, దేవుణ్ణి తలుచుకుంటాండాడని."

సోమక్క బల్ల అంచు పట్టుకుంది. అత్తకూ ఊరికీ అందరికీ ఆమె సోమక్క. సోమా అని పిలిచిన మనిషి ఈ లోకంలో ఒక్కడే.

"శివుణ్ణి గాదు సామీ," అంది. "నన్ను."

మేజరు చేతిలో నుంచి ఆరో నంబరు జారి నేల మీద పడింది. ఎవరూ వంగి తీయలేదు. కర్నలు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఆ పిలుపు ఎప్పుడు నిలిచింది?"

"మర్నాడు. ఎండెక్కినాక."

అంటే చవితి. తదియ నాడు శేషన్నకు ఊపిరుంది, గొంతు ఉంది. పదేళ్లుగా తను బతికున్న మనిషికి చచ్చినవాళ్ల విస్తరి వేస్తూ వచ్చింది. ఆయన తనను పిలుస్తున్న రోజున! ఆమె గుట్ట మీదికి చెయ్యి చాపి, రాయి చాటున పడున్న పదిహేడో నంబరును తీసుకుంది. వద్దనే నోరు అక్కడెవరికీ లేదు.

ఇల్లు చేరేసరికి ఇంకా ఎండ ఉంది. గిడ్డమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. అడుగుల చప్పుడుకే తల తిప్పింది.

"చూసినావా? ఎట్లపోయినాడు నా కొడుకు?"

దారి పొడుగునా మేజరును తిట్టుకుంటూ వచ్చిన సోమక్క ముసలామె మొహం చూసింది. నోరు తెరిస్తే జాబులోని మాటలే వచ్చాయి.

"మొదటి దెబ్బకే అత్తా. పెట్టెలో వేసినారు. నొప్పి తెలియలేదు."

"యాడున్నాడు వాడు? తెచ్చినావా? ఇటియ్యి."

సోమక్క ఇచ్చింది. ఇవ్వకుండా ఉండాల్సిందని ఇచ్చాక తట్టింది. గిడ్డమ్మ వేళ్లు టోపీని తడిమాయి, తుపాకిని తడిమాయి, వీపు సంచిని తడిమాయి. ఎడమ పక్క మీద ఆగాయి. మళ్లీ అక్కడికే వచ్చాయి. ఓర్వకల్లు రాయి గీసుకున్న చోట రంగు లేచి చెక్క తగులుతోంది.

"పండబెట్టినారు వీణ్ణి," అంది గిడ్డమ్మ.

సోమక్క అరుగు అంచున కూర్చుంది.

"బతికే ఉండాడు గదమ్మే. పండబెట్టినారంటే బతికే ఉండాడు." "ఎవరూ పోలేదా వాని పక్కకు?"

"లేదత్తా."

గిడ్డమ్మ బొమ్మను అరుగు మీద ఎడమ పక్కకు పడుకోబెట్టింది. తన బొటనవేలు తెచ్చి దానికి ఆనించి పెట్టింది.

"వచ్చినా లెయ్ నాయనా," అంది. "శానా ఆలస్యమైంది."