పొగరుకు సూదిమందు

జీను వేయగానే ముందుకాళ్ళెత్తి నిలబడే గుర్రానికి ఉన్నది పొగరేననీ, పొగరుకు మందు కొరడాయేననీ గుర్రాలవాళ్ళలో ఒక గట్టి నమ్మకం. స్వారీ బడిలో గుర్రాలకు నడక నేర్పే పెద్దాయనకైతే అది నమ్మకం కూడా కాదు, ఒంటబట్టిన విద్య. ఆయన కోడలు పశువైద్యురాలు. ఇంట్లో మామగారి మాటకు ఎదురు చెప్పని మనిషి, లాయంలో మాత్రం ఊరుకునేది కాదు.

గొడవంతా మిరియం గురించి. నల్లటి, పొట్టి నడుము ఆడగుర్రం. ఎక్కినవాళ్ళనల్లా కింద పడేస్తోంది. కబేళాకు తోలేస్తానని యజమాని అంటే, పెద్దాయనే బతిమాలి గడువు తీసుకున్నాడు.

"మామయ్యా, ఇక్కడ చెయ్యి పెట్టి చూడండి. నొక్కితే నడుమెలా కుంగదీసుకుంటోందో!"

"చక్కిలిగిలి పెడితే నేనూ కుంగుతాను. నాలుగు తగిలిస్తే అదే దారికొస్తుంది, డాక్టరమ్మా."

కోపమొస్తేనే ఆయన నోట 'డాక్టరమ్మా'. లేకపోతే 'అమ్మాయ్'.

ఆమె చేత్తో వెన్ను తడిమి చూపించింది. గుర్రం వెన్నుపూసల మీద ముళ్ళలాంటి ఎముకలు వరుసగా లేచి ఉంటాయి. వాటి మధ్య ఎడం పోతే, మనిషి బరువు పడ్డప్పుడల్లా ఎముక ఎముకను ఒరుసుకుంటుంది.

"ఆ చోటు మొద్దుబారేలా సూది వేస్తాను. నొప్పయితే కాసేపు పోతుంది. పొగరయితే సూదికి పోదు కదా?"

"పొగరుకు సూదా! ముందే తెలిస్తే మీ ఆయనకు చిన్నప్పుడే వేయించేవాణ్ణి" అన్నాడు. అన్నాడే గాని, ఒప్పుకున్నాడు.

మందు పట్టాక, ఎప్పటి జీనే బిగించి, ఆయనే ఎక్కాడు. మిరియం నడిచింది. పరుగెత్తింది. చెప్పినచోట ఆగింది. ఆయన చేతిలో కొరడా కదలనేలేదు. మందు దిగాక అదే జీనుతో మళ్ళీ ఎక్కబోతే, ఎప్పటిలాగే నిలువునా లేచింది.

ఆయన దాని మెడ పట్టుకుని, "అయితే ఇన్నాళ్ళూ నేను కొట్టింది..." అని ఆగిపోయాడు.

ఎక్స్‌రేలో వెన్నుముళ్ళు అప్పటికే అతుక్కుపోయి కనిపించాయి. ఆపరేషన్‌తో బాగయ్యే దశ దాటిపోయింది. దాని మీద ఇక ఎవరూ ఎక్కకూడదని ఆమె యజమానికి చెప్పింది.

"ఎక్కడానికి లేని గుర్రం నాకెందుకమ్మా?" అన్నాడు యజమాని.

"మనం తీసుకెళ్దాం, మామయ్యా."

"ఎక్కడికి? రెండు గదుల అద్దె వాటాలోకా? అదీ మేడమీద." పెద్దాయన లాయం గోడకు చేరగిలబడ్డాడు. "పొగరేనని నువ్వూ అనుంటే, ఇంకో ఏడాదైనా నాకు వదిలేసేవాడు, అమ్మాయ్."

"ఏడాదంతా కొట్టేవారు కదా."

"కొట్టేవాణ్ణే. బతికుండేది."



కబేళా లారీ మర్నాడు వచ్చింది. మిరియాన్ని పెద్దాయనే నడిపించుకెళ్ళి ఎక్కించాడు. అది మొరాయించలేదు.