మూడో మేకు

కట్టెలు తడిగా ఉన్నాయన్న మాట ఆమె పైకి అనలేదు. అంటే అత్తగారు, "మా కాలంలో వానలో నానిన కట్టెలతోనే పదిమందికి వండిపెట్టాం" అంటుంది. భర్త, "కట్టెలు తడవకుండా చూసుకోవడం కూడా నేనే చెప్పాలా?" అంటాడు. విని విని ఎంత అలవాటయ్యాయంటే, ఎవరూ అనక్కర్లేకుండానే పొయ్యి ముందు కూర్చోగానే ఆ మాటలు చెవుల్లో వాటంతటవే మోగుతాయి. ఊదుగొట్టం నోటికి పెట్టుకుని ఊదింది. పొగ తిరిగొచ్చి మొహానికే కొట్టింది. పక్కన చిన్న పీట మీద కూర్చుని ఎక్కాలు రాసుకుంటున్న కూతురు రెండుసార్లు దగ్గింది. మూడో దగ్గు రాలేదు. రాకపోయేసరికి ఇంకా భయమేసి, ఊపిరి ఆగిందేమోనని గబుక్కున తిరిగి చూసింది. పిల్ల నాలుక బయటపెట్టి ఏడో ఎక్కం దగ్గర ఆగిపోయి ఉంది, అంతే.

భయం ఆమెకి పుట్టుకతో వచ్చిన జబ్బని ఇంట్లో అందరూ నవ్వుతారు. పిల్ల బడి నుంచి పది నిమిషాలు ఆలస్యమైతే లారీ గుద్దేసిందనుకుంటుంది. గాలి గట్టిగా వీస్తే పైకప్పు రేకులు లేచిపోయి ఎవరి మెడ మీదో పడ్డట్టు కనిపిస్తుంది. "నీ బుర్రలో రోజుకి నలుగురు చస్తారే" అంటాడు భర్త. నిజమే. కానీ ఆ నలుగురిలో తనెప్పుడూ ఉండదని ఆయన ఎప్పుడూ గమనించలేదు. తనకేమైనా అవుతుందని భయపడే తీరిక ఆమెకి లేదు. అన్ని భయాల్లోకీ పెద్దది ఈ దగ్గు. ఒకచోట కుదురుగా ఉండదని నాయనమ్మ ఆ పిల్లకి ఉడత అని పేరు పెట్టింది. ఇప్పుడు తొమ్మిదేళ్ళొచ్చాక ఆ ఉడతే బడి మెట్లు నాలుగెక్కి, గోడ పట్టుకుని నిలబడుతోంది. టీచరు రెండుసార్లు కబురు పెట్టింది.

క్లినిక్కుకి తీసుకెళ్తే డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, "ఇంట్లో పొగ ఉంటుందా?" అని. ఆమె నోరు తెరిచేలోపే భర్త, "లేదండీ, మాది పరిశోధన సంస్థ వారిచ్చిన పొయ్యి, అస్సలు పొగ రాదు" అనేశాడు. డాక్టరు చీటీ మీద ఏదో రాశాడు. బయటికొచ్చాక కూతురి చేత చదివించుకుంటే, "ఇంట్లో పొగ: లేదు" అని ఉంది. రెండో తరగతితో ఆగిన చదువు ఆమెది. అయినా ఆ మూడు మాటల్లో ఏది అబద్ధమో తెలుసుకోవడానికి చదువు అక్కర్లేదు.

"అలా ఎందుకన్నారు?" అంది దారిలో.

"సంస్థ డ్రైవరు ఇంట్లోనే పొగ ఉందంటే పరువుంటుందా? నన్ను పర్మినెంటు చేసే ఫైలు పెద్దసారు టేబుల్ మీదుంది. నీకేం తెలుసు?"

ఆ పొయ్యి సంగతి చెప్పాలంటే ముందు గోడకున్న రెండు మేకుల సంగతి చెప్పాలి.

మొదటి మేకు నాలుగేళ్ళ కిందటిది. పై దేశం వాళ్ళు ముగ్గురొచ్చారు, వాళ్ళ మాట మన భాషలో చెప్పే మనిషొకడు. సబ్బుపెట్టెంత యంత్రం తెచ్చారు. దోమలా సన్నగా గుయ్యిమంటూ గాలిని పీల్చి, పొగ ఎంతుందో లోపల అంకెలు వేసుకుంటుందట. సరిగ్గా పొయ్యి నెత్తిన, పొగంతా లేచే చోట మేకు కొట్టి దాన్ని వేలాడదీశారు. కిటికీ మూసేశారు. "మీరు మామూలుగా ఎలా వండుకుంటారో అలాగే వండండి" అన్నాడు ఆ మనిషి. ఆమె మామూలుగానే కిటికీ తెరవబోతే, "అది మాత్రం వద్దమ్మా" అన్నాడు. ఆ రోజు ఆమె కళ్ళనీళ్ళు కారుస్తూ ఊదుతుంటే ఫోటో తీశారు. మళ్ళీ రాలేదు. ఆ ఫోటో ఏదో పెద్ద పుస్తకం అట్ట మీదకెక్కిందని తర్వాత తెలిసింది. కొండల మీద మంచు కరిగిపోతోందనీ, మన వంటిళ్ళలోంచి లేచిన మసి దాని మీద పడడమే కారణమనీ అందులో రాశారట. ఆ రాత ఈ దేశానికి కోపం తెప్పించింది. టీవీలో ఒకాయన బల్ల గుద్ది, వాళ్ళ కార్లూ కర్మాగారాలూ వదిలిన పొగ మాటేమిటి, మా తల్లుల పొయ్యి మీదకి వేలు చూపిస్తే ఊరుకోం, అన్నాడు. భర్త కుర్చీలో ముందుకు జరిగి, "దేశం పరువు మన వంటింట్లో ఉందే!" అన్నాడు. ఆమె అప్పుడు గిన్నెలకి పట్టిన మసి తోముతోంది. ఎక్కడుందో ఆ పరువు, దొరికితే దాన్ని కూడా ఒకసారి తోమి బోర్లించేదాన్ని కదా అనుకుంది.

రెండో మేకు మన సంస్థ వాళ్ళది. ఆ పుస్తకానికి జవాబుగా మన వాళ్ళే మన పొయ్యి తయారుచేశారు. ఎర్ర రంగు వేసి, ముందువైపు చిన్న జెండా బొమ్మ అతికించి తెచ్చిపెట్టారు. దాంట్లో జానెడు పొడవున సన్నగా చీల్చిన ఎండుపుల్లలే పడతాయి. వాళ్ళ గిన్నె దాని మీద చక్కగా కూర్చుంటుంది, ఇంటిల్లిపాదికీ వండే గిన్నె పెడితే పక్కకి ఒరుగుతుంది. కొలిచే రోజున పుల్లలు వాళ్ళే కట్టలు కట్టి తెస్తారు. కిటికీ బార్లా తెరుస్తారు. మేకు ఆ కిటికీ పక్కనే, నిలబడ్డ మగవాడి మొహం ఎత్తున. ఆమె ఒక గిన్నెడు నీళ్ళు మరగబెట్టాలి. నీళ్ళు మరుగుతాయి, యంత్రం గుయ్యిమంటుంది, చప్పట్లొక్కటే తక్కువ. వాళ్ళు వెళ్ళిపోయాక ఆ ఎర్రపొయ్యిని మూలకి జరిపి, పాత పొయ్యి వెలిగించి వంట మొదలుపెడుతుంది. ఆ పూట తిండి గంట ఆలస్యం. "నీళ్ళు కాయడానికి ఇంతసేపా?" అని భర్త.

యంత్రం తెచ్చేది ఒకమ్మాయి. భుజాన సంచి, చేతిలో ఫారం, ఎప్పుడూ తొందర. మనిషి మంచిది. ఒకసారి ఆమె ఉండబట్టలేక అడిగింది.

"అమ్మాయ్, నేను వంట నిలబడి చెయ్యను కదా, కూర్చుని చేస్తా. మరి యంత్రాన్ని అంత ఎత్తున ఎందుకు పెడతావు?"

"పెద్దసారు చెప్పిన చోటే పెట్టాలక్కా. పై దేశం వాళ్ళు పొయ్యి నెత్తిన పెట్టి ఎక్కువ చూపించారు కదా, అది తప్పని మనం నిరూపించాలి."

"వాళ్ళకి ఎక్కువ కావాలి, మీకు తక్కువ కావాలి. సరే. మా ఉడత ఆ పీట మీద కూర్చుంటుంది. దాని దగ్గర ఎంత?"

ఆ అమ్మాయి ఫారం ముందుకీ వెనక్కీ తిప్పింది. కట్టెలకి గడి ఉంది, గిన్నెకి గడి ఉంది, వండే మనిషి వయసుకి కూడా ఉంది. "పాపకి గడి లేదక్కా" అంది, తనే తప్పు చేసినట్టు.

పిల్ల వంటింట్లో ఎందుకు కూర్చుంటుందంటే, ఉన్న ఒక్క ముందుగదిలో టీవీ ఉంటుంది, టీవీ ముందు తండ్రి ఉంటాడు. "ఆడపిల్ల అమ్మ పక్కన కూర్చుంటే పని దానంతటదే వస్తుంది" అంటుంది నాయనమ్మ. పని వచ్చింది కూడా. ఊదుగొట్టం పట్టుకోవడం వచ్చింది, దానితోపాటు దగ్గూ వచ్చింది. "నేను నలభై ఏళ్ళు ఊదాను, నాకేమైంది?" అని అత్తగారు ధీమాగా అంటూ, మసకబారిన కళ్ళతో నీళ్ళగ్లాసు కోసం పక్కనంతా చేత్తో తడుముకుంటుంది. కోడలు గ్లాసు తీసి ఆ చేతికందిస్తుంది.

ఆవేళ ఎక్కాలు పూర్తికాకుండానే భర్త వంటింటి గుమ్మంలోకొచ్చి, "రేపు నీకు సెలవు" అన్నాడు, వరమిస్తున్నట్టు.

ఆమెకి అర్థం కాలేదు.

"రేపు పొద్దున్నుంచి ఎల్లుండి పొద్దుటిదాకా యంత్రం మనింట్లోనే ఉంటుంది. అదే ఆఖరి కొలత. అన్ని దేశాల వాళ్ళూ కూర్చునే సభకి ఆ అంకె వెళ్తుంది. అందుకని పాత పొయ్యి ముట్టించకూడదు. తిండి ఆఫీసు క్యాంటీన్ నుంచి పొట్లాలొస్తాయి. కాళ్ళు చాపుకుని కూర్చో."

పద్నాలుగేళ్ళ కాపురంలో జ్వరమొచ్చినా, పురుడొచ్చిన వారంలోనూ రాని సెలవు. పొగ లేదని చెప్పడానికి వస్తోంది. పొయ్యిలోకి ఇంకో కట్టె తోసింది. అంకె సభకి వెళ్తుంది. మళ్ళీ అదే అంకె పట్టుకుని డాక్టరు దగ్గరికి భర్త వెళ్తాడు. పొగ లేదని ఇప్పటిదాకా నోటితో అన్నాడు, ఇక కాగితంతో అంటాడు. పిల్ల దగ్గు దుమ్ముకి, చలిగాలికి, తిండికి, ఆఖరికి అమ్మ బెంగకి కూడా అంటగడతారు. తను పొగ పొగ అని వెయ్యిసార్లు మొత్తుకున్నా అది ఆడదాని సణుగుడు. అదే మాట సబ్బుపెట్టె అంటే, అది నిజం.

మర్నాడు పొద్దున అమ్మాయి వచ్చి కిటికీ పక్క మేకుకి యంత్రం తగిలించి వెళ్ళింది. భర్త డ్యూటీకి వెళ్ళాడు. పొట్లాలు వచ్చాయి. ఆమె పిల్లని పిలిచి పీట మీద కూర్చోబెట్టింది.

"ఏంటమ్మా?"

"కదలకు. గోడకి ఆనుకో."

మసి వేలితో పిల్ల ముక్కుకి సూటిగా గోడ మీద చుక్క పెట్టింది. ఆ వేలే ముక్కుకీ తగిలి నల్లమచ్చ పడితే పిల్ల కిచకిచా నవ్వింది, నవ్వు చివర దగ్గింది. "ఇంక వెళ్ళు. ఇవాళ బడి లేదుగా, టీచరుగారింటి అరుగు మీద కూర్చుని చదువుకో. నేను పిలిచేదాకా రాకు" అని పంపేసింది. వీధి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడింది. దారిలో కుక్క ఉంటుందేమో, సైకిలు వాడెవడైనా చూసుకోకుండా వస్తాడేమో. ఏమీ రాలేదు.

మేకు తీసుకుంది. నూరే రాయితో కొట్టింది. మొదటి దెబ్బ వేలి మీదే పడింది. ఆయన ఉద్యోగం పోతుందేమో, పోలీసులొస్తారేమో, దేశద్రోహం అంటారేమో, పిల్లని బళ్ళోంచి తీసేస్తారేమో. ఒక్కొక్క దెబ్బకి ఒక్కొక్క భయం. మేకు దిగింది కానీ భయాలు అలాగే ఉన్నాయి. యంత్రాన్ని కిటికీ దగ్గర్నుంచి తీసి పిల్ల కూర్చునే చోట తగిలించింది. నిన్నటి తడి కట్టెలు పెట్టి పాత పొయ్యి ముట్టించింది. గొట్టం అందుకుని ఊదింది.

"ఏంటే, సెలవన్నాడుగా వాడు, పొగొస్తోంది?" అత్తగారు గోడ పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. దాచేందుకు ఏమీ లేదు. ఆవిడ చెయ్యి గోడ వెంబడి జరుగుతూ మేకుని తాకింది, దాని కింద గుయ్యిమంటున్న డబ్బాని తాకింది.

"ఇదేంటి ఇక్కడ?"

"ఉడత ముక్కు ఎత్తు అత్తయ్యా."

ఇక కేకలు మొదలవుతాయి, సాయంత్రం కొడుకు రాగానే చెబుతుంది, అనుకుంది ఆమె. ముసలావిడ దగ్గొస్తే కొంగుతో నోరు మూసుకుంది. తర్వాత వేళ్ళతో మేకు నుంచి పీట దాకా జానలు కొలిచింది.

"తిన్నగా కూర్చుంటే ఇంత ఎత్తు. రాసుకునేటప్పుడు వంగుతుంది కదే పిల్ల. ఇంకో బెత్తెడు కిందకి కొట్టు."

ఆమె మేకు పీకి, బెత్తెడు కింద కొట్టింది.

ఆ రోజు రెండు పూటలా వండింది, ఏ రోజూ వండేంతే, ఒక పుల్ల ఎక్కువ కాకుండా, ఒక పుల్ల తక్కువ కాకుండా. కిటికీ ఎప్పటిలా సగం తెరిచే ఉంచింది. పిల్లకి తిండి అరుగు మీదకే పట్టుకెళ్ళింది. సాయంత్రం భర్త వచ్చి, క్యాంటీన్ పొట్లం విప్పుకుని ముందుగదిలో టీవీ పెట్టుకున్నాడు. పొగవాసన ఆయన ముక్కుకి ఎప్పుడూ ఉండేదే. అడగలేదు. అత్తగారు నోరు మెదపలేదు. రాత్రి పిల్ల నాయనమ్మ పక్కలో పడుకుంది.

తెల్లారి ఆయన డ్యూటీకి వెళ్ళాక అమ్మాయి వచ్చింది. కిటికీ దగ్గర యంత్రం లేకపోయేసరికి కంగారుపడి, వెతికి, నేలకి వంగి చూసింది. లాప్‌టాప్‌కి తగిలించింది. ఎప్పుడూ నేలబారుగా పోయే గీత ఈసారి రెండుచోట్ల కొండలా లేచింది. ఒకటి పొద్దున, ఒకటి సాయంత్రం.

"ఇంతా?" అంది నెమ్మదిగా. "అక్కా, పెద్దసారు దీన్ని ఒప్పుకోరు. మేకు తప్పు చోట ఉందని రాసి తీసేస్తారు. సభకి పోయినవారం అంకే వెళ్తుంది."

"వెళ్ళనీ. సభలో కూర్చునే వాళ్ళలో దగ్గేవాళ్ళెవరూ లేరు కదా. నాకు ఈ అంకె ఒక కాగితం మీద రాసివ్వు. ఏ రోజు, ఏ ఎత్తు, ఎంత. కింద నీ సంతకం."

"ఎందుకక్కా?"

"డాక్టరుకి. ఆయన చీటీలో పొగ లేదని ఉంది. నా మాట నమ్మరు. నీ పెట్టె మాట నమ్ముతారు."

అమ్మాయి చాలాసేపు తలుపు వైపు చూసింది, అక్కడ ఎవరూ లేకపోయినా. తన కాంట్రాక్టు ఈ నెలతో అయిపోతుందని ఇంతకుముందే ఒకసారి చెప్పింది. ఆ సంగతి ఇద్దరికీ గుర్తుంది. చివరికి ఫారం వెనక తెల్లగా ఉన్న వైపు తిప్పి, చేత్తోనే ఒక గడి గీసి, దాంట్లో "పాప" అని రాసింది. పక్కన అంకె రాసి, సంతకం పెట్టి ఇచ్చింది. ఆమె దాన్ని మడిచి క్లినిక్కు చీటీ పక్కనే పెట్టుకుంది.

మధ్యాహ్నం తిండికి వచ్చిన భర్త చెయ్యి కడుక్కుంటూ గోడ వైపు చూశాడు.

"ఇక్కడ మేకెవరు కొట్టారు? బుద్ధుందా నీకు? పిల్ల కూర్చునే చోటు, కంట్లో గుచ్చుకుంటే?"

నాలుగేళ్ళలో ఆ గోడ దగ్గర పిల్లకి ఏమైనా అవుతుందేమోనన్న భయం ఈ మనిషికి కలగడం ఇదే మొదటిసారి. ఆమెకి కోపం కూడా రాలేదు. అలసటగా ఉంది. ఊదుగొట్టం తీసి పీట మీద పెట్టింది.

"గుచ్చుకోదు. పిల్ల ఇంక ఇక్కడ కూర్చోదు, ముందుగదిలో కూర్చుంటుంది. ఈ పీట మీద రేపట్నుంచి మీరు కూర్చుని ఊదండి. మేకు మీ ముక్కు ఎత్తుకి నేను మార్చి కొడతాను."